ఊరికి వచ్చిన వైద్య కళాశాల: స్థానిక సంస్థలతో పొత్తు ఎక్కడ నిలుస్తుంది, ఎక్కడ జారుతుంది

సంక్షిప్తంగా: వైద్య విద్యార్థులు పల్లెల్లో కుటుంబాలను దత్తత తీసుకోవాలన్న నిబంధన 2022 నుంచి అమల్లో ఉంది. పల్లె ఆరోగ్యంలో పంచాయతీకి పాత్ర ఉండాలని రాజ్యాంగం 1993 నుంచే చెబుతోంది. ఈ రెండూ కలవాల్సిన చోట చాలాసార్లు మెడికల్ క్యాంపు ఒక్కటే కనిపిస్తుంది. జీతం ఎవరిస్తారు, రికార్డు ఎవరి దగ్గర ఉంటుంది, పరీక్షల సెలవుల్లో రోగిని ఎవరు చూస్తారు అన్న ప్రశ్నలకు ముందే జవాబు రాసుకున్న చోట పొత్తు నిలిచింది. కేరళ, ముంబై, జపాన్ అనుభవాలు ఈ సంగతినే చూపుతున్నాయి.

ఇప్పుడెందుకు ఈ చర్చ

దేశంలో 2013-14లో 387గా ఉన్న వైద్య కళాశాలల సంఖ్య 2024-25 నాటికి 780కి చేరింది. తెలంగాణ ఏర్పడిన నాటికి ఆ రాష్ట్రంలో ప్రభుత్వ వైద్య కళాశాలలు ఐదే. 2022లో ఎనిమిది, 2023లో తొమ్మిది, 2024లో మరో ఎనిమిది చేరడంతో నారాయణపేట, ములుగు, గద్వాల వంటి చోట్లకు కూడా బోధనాస్పత్రి వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2023 సెప్టెంబరులో విజయనగరం, రాజమహేంద్రవరం, ఏలూరు, మచిలీపట్నం, నంద్యాలల్లో ఐదు కళాశాలలు ఒకేసారి మొదలయ్యాయి. ఒకప్పుడు విశాఖ, గుంటూరు, కర్నూలు, వరంగల్ వంటి నగరాలకే తెలిసిన హౌస్ సర్జన్లు, పీజీలు, ప్రొఫెసర్లు ఇప్పుడు చిన్న జిల్లా కేంద్రాల్లోనూ కనిపిస్తున్నారు.

కళాశాల వచ్చింది కాబట్టి చుట్టుపక్కల ఊళ్లకు వైద్యం దానంతటదే అందుతుందని సాధారణంగా ఆశిస్తారు. జిల్లా కేంద్రంలో ప్రొఫెసర్లు పెరిగినంత మాత్రాన నలభై కిలోమీటర్ల దూరంలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రం (పీహెచ్‌సీ)లో మందులు పెరగవు, సబ్‌సెంటర్‌లో ఏఎన్ఎం (గ్రామ ఆరోగ్య కార్యకర్త) ఖాళీ నిండదు. కళాశాలకూ పల్లెకూ మధ్య ఒక తీగ ఉండాలి. ఆ తీగ స్థానిక సంస్థ కాగలదా, అందుకు దానికి అధికారం, డబ్బు, తీరిక ఉన్నాయా అన్నదే ఇక్కడ పరిశీలించాల్సిన విషయం.

కాగితం మీద అధికారం, కుర్చీల మధ్య దూరం

73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చింది. దానితో చేరిన పదకొండో షెడ్యూలులోని 29 అంశాల్లో ఆస్పత్రులు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు, డిస్పెన్సరీలతో సహా ఆరోగ్యం, పారిశుద్ధ్యం ఒకటి. పట్టణాలకు 74వ సవరణ, పన్నెండో షెడ్యూలు ఇదే తరహా బాధ్యతను సూచించాయి. అయితే షెడ్యూలులో ఉన్న అంశాన్ని నిజంగా అప్పగించాలా, ఎంతవరకు అప్పగించాలి అన్నది రాష్ట్రాల ఇష్టం. కేరళ 1996లో మొదలైన ప్రజా ప్రణాళిక కాలంలో పీహెచ్‌సీలను గ్రామ పంచాయతీలకు, తాలూకా ఆస్పత్రులను పై అంచె సంస్థలకు బదిలీ చేసింది. తెలుగు రాష్ట్రాల్లో సర్పంచికి దక్కింది ప్రధానంగా పారిశుద్ధ్యం, తాగునీరు, గ్రామ ఆరోగ్య పారిశుద్ధ్య పోషకాహార కమిటీలో ఒక కుర్చీ. ఆ కమిటీకి జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ కాలం నుంచి ఏటా ఇచ్చే 10,000 రూపాయల నిధితో చేయగలిగింది ఎంతో ఊహించవచ్చు.

వైద్య ఆరోగ్య శాఖ లోపల కూడా ఒకే తాడు లేదు. బోధనాస్పత్రి, కళాశాల వైద్య విద్యా సంచాలకుల కింద ఉంటాయి. పీహెచ్‌సీ, సబ్‌సెంటర్ ప్రజారోగ్య సంచాలకుల కింద, జిల్లా వైద్య ఆరోగ్యాధికారి (డీఎంహెచ్‌ఓ) చేతిలో ఉంటాయి. మధ్యలోని ఏరియా ఆస్పత్రులు, సామాజిక ఆరోగ్య కేంద్రాల కోసం ఉమ్మడి రాష్ట్రంలో 1980ల్లోనే వైద్య విధాన పరిషత్ అనే మూడో యంత్రాంగం ఏర్పడింది. పంచాయతీ కార్యదర్శి పంచాయతీరాజ్ శాఖ మనిషి. మున్సిపల్ హెల్త్ ఆఫీసర్ పురపాలక శాఖకు జవాబుదారీ. కళాశాలలోని కమ్యూనిటీ మెడిసిన్ (సామాజిక వైద్య) విభాగం ఒక ఊళ్లో పని మొదలుపెట్టాలంటే ఇన్ని కుర్చీల మధ్య నుంచి దారి చేసుకోవాలి. ప్రిన్సిపాల్, డీఎంహెచ్‌ఓ సన్నిహితంగా ఉన్న జిల్లాలో పని సాగుతుంది, ఇద్దరిలో ఒకరు బదిలీ అయితే ఆగుతుంది. వ్యక్తుల స్నేహం మీద నడిచే ఏర్పాటును వ్యవస్థ అనడం కష్టం.

డబ్బు దారి మాత్రం కొంత మారింది. పదిహేనో ఆర్థిక సంఘం 2021-26 కాలానికి 70,051 కోట్ల రూపాయల ఆరోగ్య నిధులను స్థానిక సంస్థల ద్వారా ఖర్చు చేయాలని సిఫారసు చేసింది. అందులో పట్టణ ఆరోగ్య కేంద్రాలకు 24,028 కోట్లు, గ్రామీణ పీహెచ్‌సీలు, సబ్‌సెంటర్లలో పరీక్షా సదుపాయాలకు 16,377 కోట్లు, బ్లాకు స్థాయి ప్రజారోగ్య యూనిట్లకు 5,279 కోట్లు ఉన్నాయి. ప్రాథమిక వైద్యానికి ఇంత మొత్తం స్థానిక సంస్థల పేరు మీద కేటాయించడం చిన్న విషయం కాదు. కానీ ఈ నిధి భవనాలకు, పరికరాలకు, కేంద్రాల నిర్వహణకు ఉద్దేశించింది. కళాశాల నుంచి ఊరికి వచ్చే మనిషి సమయాన్ని కొనడానికి అందులో ప్రత్యేక పద్దు లేదు.

ఒకసారి చేసి చూసిన పని

1946లో భోర్ కమిటీ ప్రతి వైద్య విద్యార్థికీ నివారణ, సామాజిక వైద్యంలో మూడు నెలల శిక్షణ ఉండాలని సూచించింది. 1975లో శ్రీవాస్తవ కమిటీ వైద్య విద్య పల్లెకు దూరమైపోయిందని హెచ్చరించింది. ఆ వెంటనే, 1977లో, కేంద్ర ప్రభుత్వం వైద్య విద్య పునర్నిర్దేశ పథకాన్ని తెచ్చింది. వైద్యుల్లో ‘రోమ్’ అనే పొట్టి పేరుతో తెలిసిన ఈ పథకం కింద ఒక్కో కళాశాల మొదట మూడు సమితుల (ఆనాటి బ్లాకుల) ఆరోగ్య బాధ్యత తీసుకోవాలి, క్రమంగా జిల్లా మొత్తానికి విస్తరించాలి. సంచార వైద్య వాహనాలు కూడా ఇచ్చారు.

పథకం ఆశించినంత దూరం వెళ్లలేదు. పల్లె పనిని కమ్యూనిటీ మెడిసిన్ విభాగం ఒక్కదాని మీదే వదిలి మెడిసిన్, సర్జరీ, గైనకాలజీ, పిల్లల వైద్య విభాగాలు కళాశాల గేటు దాటలేదు. పీహెచ్‌సీ సిబ్బందిపై కళాశాలకు అధికారం లేదు, కళాశాల మాట వినాల్సిన అవసరం పీహెచ్‌సీకి లేదు. అప్పటికి పంచాయతీలకు రాజ్యాంగ హోదా కూడా లేనందువల్ల ఊరి తరఫున అడిగేవారే లేరు. ఆ తరువాత వచ్చిన పథకాలన్నింటికీ ఈ మూడు లోపాలే కొలబద్దలుగా ఉపయోగపడతాయి.

దీనికి భిన్నంగా నడిచినవి కొన్ని ఉన్నాయి. వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ 1977లో కె.వి.కుప్పం సమితిలో రూహ్సా అనే గ్రామీణ ఆరోగ్య విభాగాన్ని అక్కడే కట్టి, అక్కడే ఉద్యోగులను నియమించింది. సేవాగ్రామ్‌లోని మహాత్మాగాంధీ వైద్య విజ్ఞాన సంస్థలో కొత్తగా చేరిన విద్యార్థులు ఒక ఊళ్లో మకాం వేసి సేవా శిబిరం నడుపుతారు, ఆ బ్యాచి చదువు సాగినంత కాలం అదే ఊరితో సంబంధం ఉంటుంది. అక్కడి ఆస్పత్రి ఆరోగ్య బీమాకు రైతులు ఒకప్పుడు జొన్నల రూపంలో చందా కట్టేవారు. రెండు చోట్లా కళాశాల ఊరికి అతిథిగా రాలేదు, ఊరితో లెక్క పెట్టుకుంది.

78 గంటల లెక్క

జాతీయ వైద్య కమిషన్ ప్రవేశపెట్టిన కుటుంబ దత్తత కార్యక్రమం ఎంబీబీఎస్ విద్యార్థి మొదటి మూడు వృత్తి సంవత్సరాల్లో (ఎంబీబీఎస్ చదువును విభజించిన దశల్లో) మొత్తం 78 గంటలు కేటాయిస్తుంది: మొదటి ఏడాది 27, రెండో ఏడాది 30, మూడో ఏడాది 21. ఒక్కో విద్యార్థి కనీసం మూడు కుటుంబాల బాధ్యత తీసుకుంటాడు. కుటుంబ వివరాలు, ఎత్తు, బరువు, బీపీ, షుగర్, హిమోగ్లోబిన్, టీకాల వివరాలు నమోదు చేసి, అవసరమైన వారిని ఆస్పత్రికి పంపి, తరువాత వారు ఎలా ఉన్నారో చూడాలి. దీనికి తోడు హౌస్ సర్జన్సీలో కమ్యూనిటీ మెడిసిన్‌కు 12 వారాలు ఉన్నాయి. పీజీ విద్యార్థులు మూడు నెలలు జిల్లా ఆరోగ్య వ్యవస్థలో పనిచేయాలన్న జిల్లా రెసిడెన్సీ నిబంధన 2020లో వచ్చింది. నర్సింగ్ విద్యార్థినులైతే వీటన్నిటికంటే ముందు నుంచే కమ్యూనిటీ పోస్టింగుల్లో భుజాన సంచితో ఇంటింటికీ తిరుగుతున్నారు. దత్తత గురించిన చర్చల్లో వారి ఊసు తక్కువగా వినిపించడం విచిత్రమే.

150 సీట్లున్న కళాశాలలో విద్యార్థికి మూడు కుటుంబాల చొప్పున ఒక బ్యాచికి 450 కుటుంబాలు వస్తాయి. అంటే ఒక మోస్తరు ఊరు. నాలుగేళ్లలో నాలుగు బ్యాచిలు చేరితే 1,800 కుటుంబాలు, సుమారుగా ఒకటి రెండు సబ్‌సెంటర్ల జనాభా. ఇవన్నీ పక్కపక్క ఊళ్లయి, ఒక బ్యాచి వెళ్లిపోయాక తరువాతి బ్యాచి అవే ఇళ్లకు వస్తే జిల్లాలో మరెవరి దగ్గరా లేనంత లోతైన ఆరోగ్య చిత్రం కళాశాల చేతికి వస్తుంది. అలా కాకుండా బస్సు ఎక్కడ సులువుగా ఆగుతుందో చూసి ఏటా కొత్త ఊరిని ఎంచుకుంటే ప్రతి ఊరికీ ఒక సర్వే మాత్రమే మిగులుతుంది.

గంటల్లోనూ చిక్కుంది. మూడు గంటల సందర్శన చొప్పున లెక్కిస్తే 78 గంటలు 26 విడతలవుతాయి. అధిక రక్తపోటు ఉన్న వ్యక్తికి నెలనెలా మందులు, కొలతలు కావాలి. విద్యార్థి రాక కళాశాల టైంటేబుల్ ప్రకారం ఉంటుంది. పరీక్షలు, సెలవులు, ప్రయాణాలు మధ్యలో వస్తాయి. అంతేకాక సందర్శన ఉదయం పది గంటలకు ఉంటే పొలానికి, ఉపాధి హామీ పనికి వెళ్లినవారు ఇంట్లో ఉండరు. లాగ్‌బుక్‌లో ముసలివారు, బాలింతల వివరాలే ఎక్కువగా చేరి, బీపీ ఉందని తెలియని నలభై ఏళ్ల మగవారు జాబితాలోంచి జారిపోవడానికి ఈ చిన్న కారణం చాలు. సందర్శన వేళను నిర్ణయించడంలో పంచాయతీ మాటకు విలువ ఉండాలనడానికి ఇంతకంటే పెద్ద సిద్ధాంతం అక్కర్లేదు.

కోళికోడ్ నుంచి పంచాయతీ దాకా

కళాశాల, స్థానిక సంస్థ కలిసి చేసిన పనిలో దేశంలో బాగా పాతుకుపోయిన ఉదాహరణ కేరళ పాలియేటివ్ కేర్, అంటే నయం కాని రోగులకు బాధ తగ్గించే సంరక్షణ. 1993లో కోళికోడ్ ప్రభుత్వ వైద్య కళాశాల ఆవరణలో కొందరు వైద్యులు నొప్పి ఉపశమన సొసైటీని ప్రారంభించారు. క్యాన్సర్ ముదిరి, వైద్యం ఇక పనిచేయని దశలో ఉన్నవారికి నోటి ద్వారా ఇచ్చే మార్ఫిన్‌తో నొప్పి తగ్గించడం వారి తొలి పని. కొద్ది కాలానికే ఒక సంగతి తేలింది: మంచం దిగలేని రోగి ఓపీకి రాలేడు. కుటుంబ సభ్యులు వచ్చి చీటీ చూపి మందు తీసుకెళ్లడం వైద్యం అనిపించుకోదు.

1999లో మలప్పురం, దాని పొరుగు ప్రాంతాల్లో ఊరివారే వాలంటీర్లుగా శిక్షణ పొంది రోగులను గుర్తించే, ఇళ్లకు వెళ్లే పరిసర సమూహాలు ఏర్పడ్డాయి. వైద్యుడు ఆ సమూహానికి నాయకుడు కాడు, పిలిచినప్పుడు వచ్చే సలహాదారు. 2008లో కేరళ ప్రభుత్వం పాలియేటివ్ కేర్ విధానాన్ని ప్రకటించి, ఇంటి వద్ద సంరక్షణ బాధ్యతను స్థానిక సంస్థలకు ఇచ్చింది. పంచాయతీ తన ప్రణాళికా నిధుల నుంచి శిక్షణ పొందిన నర్సుకు జీతం, వాహనానికి అద్దె, మందులకు ఖర్చు భరిస్తుంది. నర్సు, ఆశా కార్యకర్త, వాలంటీరు కలిసి ఇళ్లకు వెళతారు.

ఇక్కడ పని పంపకం గమనించదగ్గది. మార్ఫిన్ మాదకద్రవ్యాల చట్టం పరిధిలోని మందు, దాన్ని నిల్వ చేయడానికి అనుమతి, వాడడానికి శిక్షణ పొందిన వైద్యుడు కావాలి. ఆ పని పంచాయతీకి సాధ్యం కాదు. ఏ ఇంట్లో ఎవరు మంచాన పడ్డారో, ఆ ఇంటికి రేషన్ అందుతుందో లేదో, పిల్లలు బడి మానేశారో లేదో కళాశాలకు తెలియదు, పంచాయతీకి తెలుసు. రెండు సంస్థలూ ఎదుటివారు చేయలేని పనినే తీసుకున్నాయి, ఒకరి పని మీద ఒకరు పెత్తనం చేయలేదు. నర్సు జీతం పంచాయతీ పద్దులో ఉన్నందువల్ల ప్రొఫెసర్ పదవీ విరమణ చేసినా కార్యక్రమం ఆగలేదు. పంచాయతీ సభ్యుడికి కూడా ఇది ఓటరు ఇంటి ముంగిట కనిపించే పని. రాజకీయ లాభం ఉన్న మంచి పని ఎక్కువకాలం బతకడంలో తప్పేమీ లేదు.

తెలంగాణలోనూ జిల్లా స్థాయిలో పాలియేటివ్ కేర్ కేంద్రాలు, ఇళ్లకు వెళ్లే బృందాలు ఏర్పడ్డాయి. అవి రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ నడిపేవి. స్థానిక సంస్థ బడ్జెట్‌లో వాటికి పద్దు లేదు.

నగరపాలికే యజమాని అయితే

ముంబై నగరపాలక సంస్థ దారి వేరు. కేఈఎం ఆస్పత్రితో కూడిన సేఠ్ జీఎస్ మెడికల్ కాలేజీ 1926 నుంచి ఆ సంస్థదే. సైన్, నాయర్ ఆస్పత్రుల కళాశాలలూ దానివే. ధారావిలోని పట్టణ ఆరోగ్య కేంద్రాన్ని సైన్ కళాశాల నడుపుతుంది, స్థానికులు దాన్ని ‘ఛోటా సైన్’ అంటారు. బస్తీలోని కేంద్రం, పెద్దాస్పత్రి, కళాశాల, వీధిలో చెత్త ఎత్తే విభాగం అన్నీ ఒకే కమిషనర్ కింద ఉండడం వల్ల రోగిని పైకి పంపడం గానీ, రోగం ఎక్కడి నుంచి వస్తోందో కింద వెతకడం గానీ కార్యాలయాల మధ్య ఉత్తరాలతో ఆగిపోదు. అహ్మదాబాద్, సూరత్ నగరపాలికలకూ సొంత వైద్య కళాశాలలున్నాయి. ఇందుకు ఆ నగరాల పన్ను రాబడి ముఖ్య కారణం. విజయవాడకో, వరంగల్‌కో ఆ భారం మోయగల ఆదాయం లేదు కాబట్టి ఈ నమూనాను యథాతథంగా ఇక్కడికి తేవడం కుదరదు.

హైదరాబాద్‌లో 2018లో మొదలైన బస్తీ దవాఖానాలు మధ్యస్థమైన ఏర్పాటు. నగరపాలిక కమ్యూనిటీ హాళ్లు వంటి స్థలాలిచ్చింది, వైద్య ఆరోగ్య శాఖ డాక్టరును, నర్సును ఇచ్చింది. ఉస్మానియా, గాంధీ కళాశాలల విద్యార్థులకు నగర బస్తీలే పాఠశాలలు కావాల్సిన చోట కళాశాల అనే మూడో భాగస్వామిని దవాఖానా రూపకల్పనలోనే చేర్చి ఉంటే మేలుగా ఉండేది.

స్థానిక ప్రభుత్వాలే కళాశాల నడిపే మరో ఉదాహరణ జపాన్‌లో ఉంది. అక్కడ 1972లో రాష్ట్రాల వంటి ప్రిఫెక్చర్లన్నీ కలిసి జిచీ వైద్య విశ్వవిద్యాలయాన్ని నెలకొల్పాయి. జిచీ అంటే స్వపరిపాలన. ఒక్కో ప్రిఫెక్చరు నుంచి ఏటా ఇద్దరు ముగ్గురు విద్యార్థులు చేరతారు, వారి ఫీజు అప్పుగా ఇస్తారు. చదివిన ఆరేళ్లకు ఒకటిన్నర రెట్లు, అంటే తొమ్మిదేళ్లు, సొంత ప్రిఫెక్చరులో చెప్పిన చోట పనిచేస్తే ఆ అప్పు రద్దవుతుంది. కుటుంబ దత్తతలో కళాశాల ఊరిని ఎంచుకుంటుంది. జిచీ పద్ధతిలో ఊరే విద్యార్థిని ఎంచుకుంటుంది.

నీటి గొట్టం, మరణ ధ్రువపత్రం

కళాశాల నుంచి పంచాయతీ పొందగల అతి పెద్ద లాభం ఉచిత ఓపీ కాదు, సమాచారం. నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువై ఎముకలు దెబ్బతినే ఫ్లోరోసిస్ ఇందుకు తెలుగు నేలే ఇచ్చిన ఉదాహరణ. ఆనాటి నెల్లూరు జిల్లాలోని పొదిలి, దర్శి ప్రాంతాల్లో దుక్కిటెద్దులు కాళ్లు పట్టేసి నడవలేకపోవడాన్ని రైతులు ముందు గమనించారు. మనుషుల్లో ఆ వ్యాధిని వైద్యులు 1937లో నమోదు చేశారు. 1970ల్లో నల్గొండ ప్రాంతంలో పిల్లల మోకాళ్లు లోపలికి ఒరిగిపోవడాన్ని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ అధ్యయనం చేసింది. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తగ్గించే విధానానికి ‘నల్గొండ పద్ధతి’ అన్న పేరే స్థిరపడింది. వ్యాధిని గుర్తించింది వైద్యులు, పరిష్కారం వచ్చింది తాగునీటి పథకాల నుంచి, కృష్ణా జలాల నుంచి. మధ్యలో పోయిన దశాబ్దాలను చూస్తే, ఊరి రోగాల లెక్క ఊరి నీటి బడ్జెట్‌ను నిర్ణయించేవారి బల్ల మీదికి ఎంత త్వరగా చేరితే అంత మేలని అర్థమవుతుంది.

మరణ నమోదు ఇంకో ఉదాహరణ. జననమరణాల నమోదు చట్టం 1969 కింద పల్లెల్లో నమోదు చేసేది పంచాయతీ కార్యదర్శి. మరణం నమోదవుతుంది, కారణం చాలాసార్లు నమోదు కాదు. దేశంలో 2020లో నమోదైన మరణాల్లో వైద్యపరంగా కారణం ధ్రువీకరించినవి 22.5 శాతమే. ఇంట్లో చనిపోయినవారి కుటుంబాన్ని అడిగి లక్షణాల ద్వారా కారణాన్ని అంచనా వేసే ‘మౌఖిక శవపరీక్ష’ పద్ధతిని పీజీ విద్యార్థులు నేర్చుకోవాలి, కార్యదర్శికి ఆ వివరం కావాలి. ఒకరి చదువు మరొకరి అవసరమైన చోట భాగస్వామ్యానికి వేరే ప్రోత్సాహకం అక్కర్లేదు. ఉద్దానంలో కిడ్నీ వ్యాధి ఇళ్లకు ఇళ్లను ఖాళీ చేస్తున్నప్పుడు ఇలాంటి నమోదు ఊరూరా ఉండి ఉంటే వ్యాధి విస్తృతి ముందే బయటపడేదని భావించడానికి ఆస్కారం ఉంది.

ఒప్పందంలో ఉండాల్సినవి, ఎదురయ్యే చిక్కులు

పై అనుభవాలను బట్టి చూస్తే కళాశాల, మండల పరిషత్ లేదా మున్సిపాలిటీ మధ్య కుదిరే అవగాహన పత్రంలో ఊళ్ల పేర్లు, జనాభా, కనీసం పదేళ్ల కాలపరిమితి ఉండాలి. ప్రారంభోత్సవం నాటి ఫొటోకు ఇవేవీ అవసరం లేదు కాబట్టి తరచు అవే రాయకుండా మిగిలిపోతాయి. విద్యార్థి గుర్తించిన బీపీ, షుగర్ రోగి పేరు ఆ వారంలోనే సబ్‌సెంటర్ రిజిస్టరులోకి ఎక్కాలి. లేకపోతే లాగ్‌బుక్‌లో ఒక లెక్క, ఏఎన్ఎం దగ్గర మరో లెక్క, 104 వాహనంలో ఇంకో లెక్క తయారవుతాయి. రోగుల వివరాలు పంచాయతీకి పేర్లతో కాక మొత్తంగా మాత్రమే చేరాలి. హెచ్ఐవీ, మానసిక వ్యాధులు, గర్భస్రావాల వంటి సంగతులు రచ్చబండ మీదికి రాకుండా ఉండాలంటే ఈ జాగ్రత్త తప్పదు.

భారం ఎవరి మీద పడుతుందన్నది మరో చిక్కు. ముప్పై మంది విద్యార్థులు బస్సు దిగితే వారికి ఇళ్లు చూపేది ఆశా కార్యకర్త. ఆ పూట ఆమె సొంత పని ఆగుతుంది, దానికి ప్రోత్సాహకం లేదు. కళాశాల బడ్జెట్‌లోనో, పంచాయతీ పద్దులోనో ఆమె సమయానికి ధర కట్టని ఏర్పాటు రెండో ఏడాదికే ముఖం చాటేస్తుంది. ప్రైవేటు కళాశాలల విషయంలో ఇంకో ప్రమాదం కూడా ఉంది. పడకలు నిండినట్లు చూపాల్సిన అవసరం ఉన్నచోట దత్తత గ్రామం రోగులను సమకూర్చుకునే చోటుగా మారవచ్చు. శిబిరంలో చూసినవారిలో ఎందరిని పీహెచ్‌సీకి పంపారు, ఎందరిని సొంత ఆస్పత్రికి పంపారు అన్న నిష్పత్తిని గ్రామ ఆరోగ్య కమిటీ ప్రతి మూడు నెలలకు అడిగితే ఆ సంగతి తెలిసిపోతుంది.

అడిగేందుకు కమిటీ ఉండాలి. తెలంగాణలో గ్రామ పంచాయతీల పదవీకాలం 2024 ఆరంభంలో ముగిసి, 2025 డిసెంబరులో ఎన్నికలు జరిగే దాకా ప్రత్యేకాధికారులే పాలించారు. ఆ రెండేళ్లలోనే ఎనిమిది కొత్త కళాశాలలు తెరుచుకుని, మొదటి బ్యాచిలు కుటుంబాల దత్తతకు ఊళ్ల కోసం వెతుక్కున్నాయి. ఆ ఊళ్లను ఎంచినప్పుడు కుర్చీలో లేని సర్పంచులు, వార్డు సభ్యులు ఇప్పుడు ఎన్నికై వచ్చారు. ఆ బ్యాచిల దత్తత గడువు మాత్రం మూడో వృత్తి సంవత్సరంతో ముగుస్తుంది.